పదిహేడు ఒకట్లు

మా మేడమీది లెక్కల టీచరుగారు పోయారు.

కిందటి మంగళవారం పొద్దున్న నేను క్యారేజీ పట్టుకుని మెట్లెక్కేసరికి ఎప్పటిలాగే కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. ఒళ్ళో పలక ఉంది. "ఇవాళ పెసరట్టండీ టీచరుగారూ" అన్నాను. పెసరట్టు పేరెత్తితే చాలు, కిటికీ మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాపే మనిషి. ఆ రోజు చెయ్యి కదల్లేదు.

అప్పుడు నేను చేసిన పని చెబితే మీరు నన్ను మనిషి కింద జమకడతారో లేదో. కేక వెయ్యలేదు, ఏడవలేదు. ముందు ఆవిడ ఒళ్ళోంచి పలక తీసి, బోర్లా తిప్పి, మంచం కిందికి తోశాను. ఆ తరవాతే "అత్తయ్యగారూ!" అని అరిచాను.

పలక మీద ఒక సంఖ్య రాసి ఉంది. 2071723. మర్నాడు చెయ్యాల్సిన లెక్క ముందు రోజు సాయంత్రమే పలక మీద రాసి పెట్టుకోవడం ఆవిడ అలవాటు. ఒకసారి చేసిన సంఖ్యని మళ్ళీ ముట్టుకునే మనిషి కాదు. ఈ సంఖ్య నాలుగేళ్ళ కిందటే నాకిచ్చారు. ఆ రోజు దాని కింద నేను తప్పుడు జవాబు రాశాను. పొరపాటున కాదు, కావాలనే. ఆవిడకి ఆ సంగతి తెలియదనుకున్నాను. చెప్పాలనుకుంటూనే నాలుగేళ్ళు గడిపేశాను.

ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాయమని చర్చి వాళ్ళు అడిగారు. మంచి మాటలు బోలెడున్నాయి. కానీ ఈ ఒక్కటీ చెప్పకుండా మిగతావి చెబితే అవన్నీ నా నోట్లో అబద్ధాలైపోతాయి. అందుకని మొదటినుంచీ చెబుతాను.

ఆవిడ మా తణుకులోనే ఒక మిషన్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళకి పైగా లెక్కలు చెప్పారు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక మా మామగారి మేడమీది గదిలో అద్దెకి దిగారు. కింద ముందువైపు మాకు కిరాణా కొట్టు, వెనకవైపు ఇల్లు. జాగా కలిసొస్తుందని మామగారు మేడమెట్లు నిటారుగా, మధ్యలో ఒక ఇరుకు మలుపుతో కట్టించారు. బియ్యం బస్తా ఎక్కించాలన్నా ఇద్దరు మనుషులు మామగారిని తిట్టుకుంటూ ఎక్కాల్సిందే. నా పెళ్ళికి ఏడాది ముందు వానాకాలంలో టీచరుగారు ఆ మలుపు దగ్గరే జారిపడ్డారు. తుంటి విరిగింది. ఆపరేషనయ్యాక నలుగురు మనుషులు కుర్చీతో సహా మోసుకొచ్చి పైన దింపారు. గదిలో చేతికర్ర పట్టుకుని నాలుగడుగులు వెయ్యగలిగేవారు గానీ ఆ మెట్లు మాత్రం ఇక దిగలేదు. కాకినాడలో ఉన్న మేనకోడలు రమ్మంటే, "అక్కడా ఒక గదేగా ఇచ్చేది. ఇక్కడ గదైతే నాకు అలవాటు" అన్నారట.

నేను ఆత్రేయపురం దగ్గర పల్లెలో పుట్టినదాన్ని. మా అమ్మ పూతరేకులు చేస్తుంది. ఇంటర్లో ఎంపీసీ తీసుకుని, లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకుని, ఆ ఎండాకాలమే పెళ్ళి చేసుకుని ఈ కొట్టు వెనక ఇంట్లోకి వచ్చాను. వచ్చానంటే వచ్చాను, అంతే. బయటికి వెళ్ళాలంటే కొట్లోంచే దారి. కొట్లో మామగారు, బావగారు, మా ఆయన, ఇద్దరు గుమాస్తాలు. వాళ్ళందరి ముందునుంచీ "ఎక్కడికి?" అన్న ప్రశ్న దాటుకుంటూ వెళ్ళడంకన్నా లోపల కూర్చుని మినప్పప్పు ఏరుకోవడమే నయం. మా అత్తగారు చెడ్డమనిషి కాదు. ఆ మాట ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే ఇది ఆవిడ చదువుతారు. కోడలిగా వచ్చినప్పుడు ఆవిడా అలాగే కూర్చున్నారు. ఇంకోలా ఉండొచ్చని ఎవరూ ఆవిడకి చెప్పలేదు.

టీచరుగారికి రోజూ పొద్దున్న టిఫిను, దాంతోపాటే మధ్యాహ్నం అన్నం మా ఇంటినుంచే వెళ్ళేవి. ఆ క్యారేజీ పని నాకు అప్పజెప్పారు. మొదటి రోజు క్యారేజీ బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగాను.

"ఏమ్మా, కొత్త కోడలివా? ఏం చదువుకున్నావు?"

"ఇంటరండి. ఎంపీసీ."

"భాగహారం వచ్చా?"

నవ్వొచ్చింది. "వచ్చండి."

"అందరూ అలాగే అంటారు. కూర్చో."

కిటికీకి ఎదురుగోడ మీద సుద్దముక్కతో ఒకట్లు రాసి ఉన్నాయి. ఒకటి పక్కన ఒకటి, మోచేతి పొడుగున, నిటారుగా. పొద్దుటి ఎండకి కిటికీ ఊచల నీడలు ఆ గోడ మీదే పడుతున్నాయి. ఏవి నీడలో ఏవి ఒకట్లో ఒక్క క్షణం తెలియలేదు.

"ఏంటండీ ఇవి, ఊచలు లెక్కపెట్టారా?" అన్నాను.

"ఊచలు పదకొండే. ఇవి పదిహేడు. అంతా కలిపి ఒకటే సంఖ్య. నూట పదకొండు కోట్ల కోట్ల పైమాట. ముప్ఫై ఏళ్ళనుంచి దీన్ని విరగ్గొడదామని చూస్తున్నా. విరగదు. విరగదని తేలనూ తేలదు."

ఎప్పుడో ఆవిడ చిన్న టీచరుగా ఉన్న రోజుల్లో ఎనిమిదో తరగతి పిల్ల ఒకర్తె లేచి, "టీచర్, అన్నీ ఒకట్లే రాసుకుంటూ పోతే అది ఏ ఎక్కంలో వస్తుందండీ?" అని అడిగిందట. ఆవిడ బోర్డు మీద చేసి చూపించారు. మూడు ఒకట్లు రాస్తే మూడు ఇంటూ ముప్ఫై ఏడు. నాలుగు రాస్తే పదకొండు నూటొకట్లు. ఐదు రాస్తే నలభై ఒకటి ఇంటూ రెండు వందల డెబ్భై ఒకటి. ఏడు రాస్తే రెండు వందల ముప్ఫై తొమ్మిది ఇంటూ నాలుగు వేల ఆరు వందల నలభై తొమ్మిది. అలా పెంచుకుంటూ పోతే పదమూడు ఒకట్లు కూడా యాభై మూడుతో పోయాయి. పదిహేడు దగ్గర బెల్లు కొట్టారు. "రేపు చెబుతా" అన్నారు. ఆ పిల్ల మర్నాడు అడిగింది, ఆ మర్నాడూ అడిగింది, తరవాత టెన్తు పాసై వెళ్ళిపోయింది. ఈవిడ మాత్రం అక్కడే ఉండిపోయారు.

దొరికిందల్లా పెట్టి భాగించేవారు కాదు, దానికో పద్ధతి ఉంది. అంకెలన్నీ కూడితే పదిహేడు, అంచేత మూడుతో పోదు. ఒకట్లు బేసిగా ఉన్నాయి, అంచేత పదకొండుతో పోదు. పదిహేడు తనే ఎందులోనూ విరగని సంఖ్య కాబట్టి, ఆ ఒకట్లని భాగించగల ప్రధానసంఖ్య ఏదైనా ఉంటే అది ముప్ఫై నాలుగుతో భాగిస్తే ఒకటి మిగిలేదే అయ్యుండాలట. ఎందుకో నాకర్థం కావడానికి రెండు నెలలు పట్టింది. అలాంటి సంఖ్యలన్నీ వరసగా ఒక పొడుగు పుస్తకంలో రాసుకుని, చిన్నవాటితో పోయేవి కొట్టేసి, మిగిలినవాటిని ఒక్కొక్కటీ తీసుకుని ఆ పదిహేడు ఒకట్లనీ భాగించడం, శేషం రాయడం. రోజుకొకటి, సెలవుల్లో రెండు మూడు. ఆదివారం మాత్రం ఉండేది కాదు. ఆదివారం చర్చి నుంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి పాట పాడి ప్రార్థన చేసి వెళ్ళేవారు.

"ఎక్కడిదాకా చెయ్యాలండీ?" అని అడిగాను.

"పది కోట్లు దాటేదాకా. అప్పటికీ పోకపోతే అది విరగదని తేల్చెయ్యొచ్చు. ఇప్పుడు ఇరవై లక్షల దగ్గరికొచ్చాం." అని నవ్వారు. "చూపు ఆనట్లేదు నాకు. నువ్వు చేస్తావా?"

నా చేతిలో ఫోనుంది. ఆవిడ అది చూశారు. "దానికి ఒక్క సెకను పట్టదని నాకు తెలుసమ్మా. అడక్కు, చూడకు. మెట్లు దిగలేను, బజారుకి వెళ్ళలేను. నా అంతట నేను వెళ్ళగలిగిన చోటు ఇదొక్కటే. అక్కడికి కూడా ఎవరో ఎత్తుకెళ్ళి దింపితే నాకేం బావుంటుంది?"

ఆ రోజే మా అత్తగారిని కిటికీలోంచి కేకేసి అడిగారు. "అమ్మగారండీ, నాదో లెక్క మిగిలిపోయిందండీ. అది తేలేదాకా పొద్దున్నపూట ఒక గంట మీ కోడల్ని నాకివ్వండి." స్కూలు టీచరు చెయ్యి చాపి అడిగితే మా అత్తగారు కాదనలేదు. లెక్కంటే మహా అయితే ఓ వారం అనుకున్నారు.

అలా నాకు రోజుకొక గంట వచ్చింది. ఆ గంట నాకేంటో చెప్పమంటే సరిగ్గా చెప్పలేను. మేడమీద కూర్చుంటే చెరకు లోడు లారీలు వెళ్ళడం కనిపించేది. స్కూలు పిల్లలు, సైకిళ్ళు, ఆకాశం. నన్నెవరూ ఏమీ తెమ్మనేవారు కాదు. నా చేతికింద అంకెలు వరసలు కట్టుకుంటూ దిగుతుంటే నేను మళ్ళీ ఇంటర్ క్లాసులో రెండో బెంచీలో ఉన్నట్టుండేది. ఊచల నీడ గోడమీద జరుగుతూ ఏడో ఒకటిని దాటితే గంట అయినట్టు. సరిగ్గా అప్పుడే కిందనుంచి అత్తగారి గొంతు వినిపించేది.

"ఏమ్మా, అయ్యిందా?"

"ఇంకా లేదండీ" అనేదాన్ని. ఆ "ఇంకా లేదండీ"తో ఇంకో ఐదు నిమిషాలు దొరికేవి.

టీచరుగారి గదిలో రబ్బరు నిషిద్ధం. పెన్సిలు వెనక రబ్బరుంటే పళ్ళతో పీకి కిటికీలోంచి పారేసేవారు. "తప్పుని కొట్టెయ్యి, తుడవకు. కొట్టేసిన తప్పు కనిపిస్తుంది, రేపు పనికొస్తుంది" అనేవారు. సాయంత్రం భూతద్దం పెట్టుకుని నా లెక్క సరిచూసేవారు. భాజకంలో అంకెలు కూడి, తొమ్మిదులు తీసేసి, భాగఫలంలోనూ అలాగే చేసి, రెంటినీ గుణించి, శేషం కలిపితే, పదిహేడులోంచి తొమ్మిది పోగా మిగిలే ఎనిమిది రావాలి. వస్తే టిక్కు. నాక్కూడా నేర్పారు.

"కానీ తొమ్మిది గుడ్డిదమ్మా" అన్నారు ఒకసారి. "సున్నాకీ తొమ్మిదికీ తేడా తెలీదు దానికి. నువ్వు తొమ్మిదో పద్దెనిమిదో ఎక్కువేసినా సరే అంటుంది. అనుమానం వచ్చిందనుకో, పదకొండుని పిలవాలి. ఒక అంకె కలిపి, ఒక అంకె తీసి చూడు. పదకొండు దగ్గర దొంగతనం సాగదు."

"రోజూ పదకొండుతోనే చూడొచ్చు కదండీ?"

"అనుమానించడం రోజూ ఎందుకు?"

ఆ మాట అప్పుడు నవ్వుకుని వదిలేశాను.

ఒక్కోరోజు నాకు విసుగొచ్చేది. ఇంత చేస్తే మళ్ళీ శేషమే మిగిలింది, ఇవాళ కూడా వృథా అనేదాన్ని. ఆవిడ ఊరుకునేవారు కాదు. "వృథా ఏంటి? భాగం పోకపోవడం కూడా జవాబే. ఈ దారిలో తలుపు లేదని తెలిసింది. రాసుకో." మరి తలుపు దొరికిన రోజున ఏం చేస్తారండీ అని అడిగాను. ఆవిడ కిటికీ వైపు తిరిగారు. "పెన్సిలు పారేసి హాయిగా పడుకుంటా" అన్నారు. ఆ గొంతులో అలసట నాకు స్పష్టంగా వినిపించింది. అందుకే నేను చేసింది నాకు ఇంత బరువైంది.

అది చెరకు సీజను. ఊరంతా పాకం వాసన. ఆ ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర అత్తగారు అన్నారు, "ఆ లెక్కేదో తేలేదాకా అని మాటిచ్చాను కాబట్టి ఊరుకుంటున్నాను. తేలాక మటుకు క్యారేజీ ఇచ్చి వెంటనే వచ్చెయ్యాలమ్మా. కొట్లో పొట్లాలు కట్టేవాళ్ళు లేక చస్తున్నాం. లేదంటే క్యారేజీ పనమ్మాయితో పంపిస్తా." కోపంగా అనలేదు, మామూలుగానే అన్నారు. నేను మామూలుగానే తలూపాను.

మర్నాడు పలక మీద ఇరవై లక్షల డెబ్భై ఒక్క వేల ఏడు వందల ఇరవై మూడు ఉంది. చెయ్యడం మొదలెట్టాను. టీచరుగారికి జ్వరం, మంచం మీద అటు తిరిగి పడుకున్నారు. అంకెలు దిగుతున్నాయి. పైనుంచి చివరి ఒకటి దింపాను. 14502061 అయింది. ఏడుతో గుణించి కింద రాద్దామని పక్కన వేసి చూశాను. 2071723 ఇంటూ ఏడు, 14502061.

పైన ఎంతో కింద అంతే.

ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. గోడమీద పదిహేడు ఒకట్లు అలాగే ఉన్నాయి. వాటిని విరిచే సంఖ్య నా ఒళ్ళో ఉంది. ముప్ఫై ఏళ్ళనుంచి ఆవిడ వెతుకుతున్న తలుపు. నేను లేచి, ఆవిడ భుజం తట్టి, "టీచరుగారండీ, సున్నా వచ్చిందండీ" అంటే చాలు. అనబోయాను కూడా. సరిగ్గా అప్పుడే కిందనుంచి, "ఏమ్మా, అయ్యిందా?"

అయ్యిందంటే రేపటినుంచి నాకీ గంట లేదు. కొట్టు వెనక గది, పొట్లాలు, పప్పు. నేను ఆవిడ గురించి ఆలోచించలేదు. నా గురించే ఆలోచించాను. వేలు తడిచేసుకుని, ఆ పై వరసలో చివరి ఒకటికి ముందున్న 06ని రుద్దేసి 51 చేశాను. కాగితం అక్కడ పూతరేకంత పలచబడింది. అలా మారిస్తే చివర శేషం నాలుగు వందల యాభై వస్తుంది. నాలుగూ ఐదూ తొమ్మిది. గుడ్డి తొమ్మిది దాన్ని పట్టుకోలేదు. ఆవిడ నాకు నేర్పిన విద్యతోనే ఆవిడ కళ్ళు కప్పాను.

"ఇంకా లేదండీ!" అని కిందికి కేకేశాను.

సాయంత్రం ఆవిడ పక్కన నేను లేను. మర్నాడు బిక్కుబిక్కుమంటూ మెట్లెక్కితే పలక మీద తరవాతి సంఖ్య రాసి ఉంది. ఆవిడ నన్నేమీ అడగలేదు. కాసేపయ్యాక కిటికీ దగ్గరికి కర్ర పట్టుకుని వెళ్ళి, "అమ్మగారండీ! లెక్క ఇప్పట్లో తేలేలా లేదండీ. పెద్ద సంఖ్యలు వచ్చేస్తున్నాయి. అమ్మాయిని ఇంకో అరగంట ఎక్కువ ఉండనివ్వండి" అని కేకేశారు.

"ఉంచుకోండి టీచరమ్మగారూ. అదేం లెక్కో, మా సీరియల్ కన్నా సాగుతోంది" అన్నారు మా అత్తగారు.

ఆ అరగంటలో ఆవిడ నాచేత డిగ్రీ లెక్కలు చదివించడం మొదలుపెట్టారు. దూరవిద్యకి అప్లికేషను మా ఆయన చేతే నింపించారు. రెండేళ్ళ పరీక్షలు అయ్యాయి, మూడోది మిగిలింది. ఆవిడ ఇంత చేస్తుంటే నాకు లోపల ఇంకా కుచించుకుపోయినట్టుండేది. ఆ భాగహారం చేసిన ప్రతిరోజూ, ఇది అక్కర్లేని పని, తలుపు వెనకే ఉండిపోయింది, ముసలావిడని ఎదర ఏమీ లేని దారిలో నడిపిస్తున్నాను అనుకునేదాన్ని. పది కోట్లదాకా అంటే ఏడు జన్మలు చాలవు. ఆవిడ గదిలో ఉన్నారు, నేను అబద్ధంలో ఉన్నాను. రోజూ చెబుదామని ఎక్కడం, చెప్పకుండా దిగడం. దగ్గు తగ్గాక చెబుదాం, క్రిస్మస్ వెళ్ళాక చెబుదాం, పరీక్షలయ్యాక చెబుదాం. రోజులు గడిచేకొద్దీ చెప్పాల్సింది పెద్దదైపోయింది.

రెండేళ్ళ కిందట బాబు పుట్టినప్పుడు మూడు నెలలు అమ్మ దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చి, పూతరేకుల డబ్బా ఆవిడ చేతిలో పెట్టి, "ఎక్కడిదాకా వచ్చారండీ?" అని అడిగాను. "నువ్వు లేకుండా చూపు ఆనలేదమ్మా" అన్నారు. డబ్బా మూత తీసి, ఒక మడత విప్పి వెలుగుకి పట్టి చూశారు. "ఎంత పలచగా ఉందో. వేలు తడిగా ఉంటే చాలు, చిరిగిపోతుంది కదూ" అన్నారు. నేను అది పూతరేకు గురించే అనుకున్నాను.

పోయిన బుధవారం భూస్థాపన. పెట్టె మెట్ల మలుపులో తిరగలేదు. ఎత్తి చూశారు, వాల్చి చూశారు, కుదరలేదు. చివరికి బస్తాలకి కట్టే తాళ్ళు కొట్లోంచి తెచ్చి, మేడమీంచి పిట్టగోడ దాటించి, మా ఆయనా బావగారూ చర్చి కుర్రాళ్ళూ కలిసి మెల్లగా కిందికి దింపారు. మామగారు కింద నిలబడి, చేతులు పైకెత్తి, "నిదానం, నిదానం" అంటూ ఏడ్చారు. ఆ మెట్లు కట్టించింది తనే కదా. ఏడేళ్ళ తరవాత ఆవిడ నేలమీదికి దిగారు.

కాకినాడ మేనకోడలు ట్రంకుపెట్టె, బైబిలు తీసుకున్నారు. మంచం కింద దొంతర్లు దొంతర్లుగా ఉన్న నోటుపుస్తకాలు చూసి, "ఇవి నేనేం చేసుకుంటానండీ. మీ కొట్లో పొట్లాలకి పనికొస్తాయేమో" అన్నారు.

"అయ్యయ్యో! టీచరమ్మగారి రాతలతో పొట్లాలు కట్టడమేంటండీ! ఉండనివ్వండి, మా కోడలు చూసుకుంటుంది" అన్నారు మా అత్తగారు.

నిన్న పొద్దున్న పైకి వెళ్ళాను. చేతిలో క్యారేజీ లేకపోతే ఆ మెట్లు ఎలా ఎక్కాలో తెలియలేదు. నాలుగేళ్ళ కిందటి పుస్తకం వెతికి, ఆ పేజీ తీశాను. నా వంకర 51 అలాగే ఉంది. పలచబడిన చోట కాగితం గోధుమరంగుకి తిరిగింది. పక్కన ఎప్పటిలాగే తొమ్మిదుల లెక్క వేసి ఉంది. దానికి టిక్కు ఉంది. దాని కింద సన్నటి పెన్సిలుతో పదకొండు లెక్క వేసి ఉంది. ఒకటి రావాల్సిన చోట సున్నా వచ్చింది. దానికి ఇంటూ కొట్టారు. ఇంకా కింద, వణికే అంకెలతో, చివరి రెండు వరసలూ ఆవిడే మళ్ళీ చేశారు. 14502061. 14502061. గీత. గీత కింద చిన్న సున్నా.

ఆ రోజు తారీఖే. జ్వరంతో ఉన్న ఆ సాయంత్రమే.

తరవాతి పేజీలు తిప్పాను. నేను పుట్టింట్లో ఉన్న మూడు నెలలూ ఒక్క లెక్క లేదు. నేను తిరిగొచ్చిన సోమవారం నుంచి మళ్ళీ మొదలు. చూపు ఆనక కాదు. ఆవిడ వెతకడం ఆ సాయంత్రమే అయిపోయింది. పెన్సిలు పారేసి హాయిగా పడుకోవాల్సిన మనిషి, నా కోసం నాలుగేళ్ళు, రోజుకొక అక్కర్లేని సంఖ్య పలక మీద రాశారు. నన్నొక్క మాట అనలేదు. నేను చెబుతానేమోనని చూశారు. చెప్పలేదు. చివరికి ఆ సంఖ్యనే మళ్ళీ రాసి, నాకింకొక అవకాశం ఇచ్చి కూర్చున్నారు. నేను ఒక రాత్రి ఆలస్యంగా వచ్చాను.

నేలమీద కూర్చుని ఏడ్చాను. ఏడుపు తీరాక మంచం కిందనుంచి పలక తీసి ఎదురుగా పెట్టుకున్నాను. పుస్తకంలో చివరి లెక్క తరవాత ఖాళీ పేజీ ఉంది. పెన్సిలు చెక్కి, పదిహేడు ఒకట్లు రాసి, మొదలుపెట్టాను. తొందరపడలేదు. ఒకచోట తప్పు పోతే తుడవలేదు, కొట్టేశాను. చివరి ఒకటి దింపాను. ఏడుతో గుణించాను. తీసేశాను. సున్నా రాశాను. తొమ్మిదితో చూశాను, పదకొండుతో చూశాను. సరిపోయింది. పలక మీద ఆ సంఖ్య కింద కూడా ఒక సున్నా రాశాను.

ఆ పైన వచ్చిన భాగఫలం వైపు చూస్తూ ఉండిపోయాను. ఐదు వందల ముప్ఫై ఆరు కోట్ల పైన ఉంది. ఇదింకా విరుగుతుందా అని ఆవిడైతే అడిగేవారు. విరగదు. దాన్ని విరిచే చిన్న సంఖ్య ఏదైనా ఉంటే ఆవిడ మొదటి పుస్తకాల్లోనే ఎప్పుడో దొరికేది. ఒక్కొక్కటీ పట్టి చూసి, పోదు పోదు అని రాసిపెట్టిన పేజీలు నా చుట్టూ ఉన్నాయి. వాటివల్లే ఇప్పుడు నేను లేచి ఇంకో భాగహారం చెయ్యక్కర్లేదు.

"ఏమ్మా, అయ్యిందా?" అని కిందనుంచి వినిపించింది. పుస్తకాలు సర్దడం అయ్యిందా అని అడిగారు అత్తగారు. ఆరేళ్ళనుంచి ఆ మాటకి నా నోట్లో ఒకటే జవాబు ఉండేది.

"అయ్యిందండీ" అన్నాను.

తరవాత మెట్లమీద అడుగులు. మోకాళ్ళ నొప్పులతో మా అత్తగారు మేడెక్కడం మానేసి చాలా కాలమైంది. మలుపు దగ్గర ఆగి, రొప్పుతూ, గోడ పట్టుకుంటూ వచ్చి గడప మీద కూలబడ్డారు. నా ఒళ్ళో పుస్తకం చూశారు. నా మొహం చూశారు.

"లెక్కా?"

"అవునండీ. తేలింది."

"ఎంతొచ్చింది?"

"సున్నా అండి."

"అయ్యో రామా!" అని నోటిమీద చెయ్యి వేసుకున్నారు. "ముప్ఫై ఏళ్ళు చేస్తే చివరికి సున్నాయా! పాపం, మహాతల్లి!"

నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఎలా చెప్పను ఆవిడకి? చెబుతాను, ఈ రాత చదివేటప్పుడు తెలుస్తుంది. అత్తయ్యగారూ, ఆ సున్నా నాలుగేళ్ళ కిందటే వచ్చిందండి. ఆ రోజు మీకు "ఇంకా లేదండీ" అని అబద్ధం చెప్పాను. టీచరుగారు కూడా మర్నాడు కిటికీలోంచి అదే అబద్ధం చెప్పారు, నా కోసం.

అత్తగారు గోడమీది ఒకట్ల వైపు చూస్తూ కూర్చున్నారు. "అయితే ఇక కిందికి వచ్చేస్తావా?" అని అడిగారు. అడిగారు, రమ్మనలేదు.

"ఇంకో అరగంట ఉంటానండి" అన్నాను.

ఆవిడ కదల్లేదు. నేనూ కదల్లేదు. పలక మా ఇద్దరి మధ్యా ఉంది. దానిమీద టీచరుగారి చేతిరాతతో ఆ సంఖ్య, దాని కింద నేను రాసిన సున్నా. ఎదురుగోడ మీద ఊచల నీడ మెల్లగా జరుగుతూ ఏడో ఒకటిని దాటింది. కిందనుంచి ఎవరూ పిలవలేదు.